పరీక్షకే పరీక్ష: వర్చువల్ స్విచ్‌లో వీల్యాన్ చీటీల తనిఖీ

పరీక్ష అను మాట వినగానే విద్యార్థి గుండె దడదడలాడుట సహజము. పరీక్షను గూర్చి అధ్యాపకునకును ఒక భయము కలదు. ఒక ప్రశ్నపత్రమునకు తరగతిలోని వారందరును, చదివినవారును చదువనివారును, నూటికి నూరు మార్కులు తెచ్చుకొన్నచో అతడు సంతోషింపవలెనా, అనుమానింపవలెనా? అనుమానింపవలెననియే నా అభిప్రాయము. చదివినవానిని చదువనివానిని వేరుచేయలేని ప్రశ్నపత్రము కాగితమే గాని పరీక్ష కాదు.

కంప్యూటరు శాస్త్రములోను ఇదే చిక్కు ఉన్నది. ఒక యంత్రము సరిగా పనిచేయుచున్నదా లేదా అని మరియొక ప్రోగ్రాము చేత తనిఖీ చేయించుట నేడు సర్వసాధారణము. దీనికి స్వయంచాలక పరీక్ష అని పేరు. ఆ పరీక్ష సరియైనదేనా అని తనిఖీ చేయుట సమీక్షకుని పని. చివరి సంవత్సరము విద్యార్థి యొకడు తన ప్రాజెక్టు కొరకు వ్రాసి తెచ్చిన అట్టి పరీక్షను సమీక్షించిన సందర్భమున నేను నేర్చుకొన్నదానిని ఈ వ్యాసములో విద్యార్థులకు మనవి చేయదలచితిని.

వీల్యాన్ అనగా నేమి?

ముందుగా మన కళాశాలకు తెలిసిన ఉదాహరణము తీసికొందము. వార్షిక పరీక్షలలో ఉర్దూ మాధ్యమము వారి జవాబు పత్రములు, తెలుగు మాధ్యమము వారి జవాబు పత్రములు ఒకే గదిలో కట్టబడి, ఒకే బండిలో పోవుననుకొనుడు. ప్రతి కట్టమీదను ఒక చీటీ అంటించి పంపుదురు. అటు చేరిన పిమ్మట చీటీని చూచి, ఏ కట్ట ఏ పరీక్షకునికి చేరవలెనో ఆయనకు ఇచ్చి, చీటీని తీసివేయుదురు. బండి ఒక్కటే, దారులు మాత్రము రెండు. చీటీ మారినచో తెలుగు చదువలేని పరీక్షకుని చేతికి తెలుగు కట్ట వచ్చును. విద్యార్థి వ్రాసినది ఎంత చక్కగా ఉన్నను ఫలితము శూన్యము.

కంప్యూటర్ల నెట్‌వర్కులో ఆ బండి వంటిది ఈథర్‌నెట్ తీగ. కట్ట వంటిది ఫ్రేము. చీటీ వంటిది వీల్యాన్ ట్యాగు. ఒకే తీగలను, ఒకే స్విచ్‌ను వాడుచు, వేర్వేరు సమూహముల యంత్రములను ఒకరి మాట ఒకరికి వినబడకుండ విభజించు ఏర్పాటే వీల్యాన్. దీనికి 802.1క్యూ అను ప్రమాణమును ఐఈఈఈ సంస్థ 1998లో ఆమోదించినది.

ఈ చీటీ పొడవు 4 బైట్లు మాత్రమే. ఫ్రేములో గమ్యస్థానపు చిరునామాకు 6 బైట్లు, పంపినవారి చిరునామాకు 6 బైట్లు. వాటి వెనువెంటనే చీటీ వచ్చును. అందులో మొదటి 16 బిట్లు 'ఇది చీటీ' అని తెలుపు గుర్తు. పదహారు మూలముగా గల సంఖ్యారీతిలో దానిని 8100 అని వ్రాయుదురు. తరువాతి 3 బిట్లు ప్రాధాన్యమును, 1 బిట్టు రద్దీ సమయమున ఆ ఫ్రేమును వదలివేయవచ్చునా అనుదానిని, చివరి 12 బిట్లు సమూహపు సంఖ్యను తెలుపును. 12 బిట్లలో 4096 సంఖ్యలు ఇముడును. వాటిలో 0, 4095 ప్రత్యేకముగా కేటాయింపబడినవి కనుక సమూహములకు మిగులునవి 4094.

స్విచ్ యొక్క ద్వారములు ముఖ్యముగా రెండు విధములు. యాక్సెస్ పోర్టు ఒకే సమూహమునకు చెందినది. దానిగుండా లోనికి వచ్చు ఫ్రేమునకు స్విచ్ ఆ సమూహపు సంఖ్యను కేటాయించును. బయటికి పోవునపుడు చీటీని తీసివేయును. ట్రంక్ పోర్టు పైని చెప్పిన బండి వంటిది. అనేక సమూహముల ఫ్రేములు చీటీలతోనే దానిగుండా పోవును. ట్రంకులో చీటీ లేకుండ వచ్చిన ఫ్రేము ఏ సమూహమునకు చెందునో ముందుగానే నిర్ణయించి ఉంచినచో దానిని నేటివ్ వీల్యాన్ అందురు.

యంత్రము లేని స్విచ్

ఒకప్పుడు స్విచ్ అనగా ఇనుప పెట్టె. ఇప్పుడు ఒకే పెద్ద కంప్యూటరులో అనేక వర్చువల్ యంత్రములు నడచుచుండగా, వాటిని కలుపు స్విచ్ కూడ ఆ కంప్యూటరులోనే ప్రోగ్రాము రూపమున ఉండును. అదియే వర్చువల్ స్విచ్. 2009లో వెలువడిన ఓపెన్ వీస్విచ్ ఇట్టిది. 2012లో దాని ముఖ్యభాగము లినక్స్ 3.3లో చేరినది. లినక్స్‌లో అంతకు ముందు నుండి ఉన్న బ్రిడ్జికి వీల్యాన్ వడపోత 2013లో, 3.9లో, చేర్చబడినది.

ఇనుప పెట్టెలో తప్పు జరిగినచో ఒక భవనమునకు నష్టము. వర్చువల్ స్విచ్‌లో తప్పు జరిగినచో, ఒకరినొకరు ఎరుగని అనేక సంస్థల యంత్రములు ఒకే కంప్యూటరులో ఉన్నందున, ఒకరి రహస్యము మరొకరి ఇంట పడును. ఆసుపత్రి రోగుల వివరములును, పరీక్షల విభాగము మార్కులును ఆ 12 బిట్ల నమ్మకము మీదనే వేరుగా నిలిచియున్నవి. కనుక ఈ స్విచ్‌ను తనిఖీ చేయు పరీక్ష ఉత్తుత్తి పరీక్ష కారాదు.

పండ్రెండింటికి పండ్రెండు

మన విద్యార్థి ఒకే కంప్యూటరులో లినక్స్ నేమ్‌స్పేసుల సహాయమున నాలుగు చిన్న యంత్రములను కల్పించినాడు. వాటిని క, చ, ట, త అందము. క, చ యంత్రములు 10వ సమూహము. ట, త యంత్రములు 20వ సమూహము. నాలుగింటిని ఒక లినక్స్ బ్రిడ్జికి కలిపి, ప్రతి యంత్రము నుండి తక్కిన మూడింటికి పింగు పంపించినాడు. మొత్తము 12 పింగులు. ఒకే సమూహములోనివి 4, అవి చేరవలెను. సమూహము దాటునవి 8, అవి చేరరాదు. పరీక్షను నడుపగా 12 వరుసలకు 12 వరుసలు 'ఉత్తీర్ణము' అని వచ్చినవి. అతని ముఖమున సంతోషము కనబడినది.

నాకు ఒక్క సంగతి వింతగా తోచినది. చేరరాని పింగు జవాబు కొరకు కొంతసేపు ఎదురుచూచి, రాకపోయిన పిమ్మట ఓటమిని ఒప్పుకొనవలెను. కాని ఆ 8 వరుసలును కన్నుమూసి తెరచునంతలో ముగిసినవి.

"బాబూ, ఒక పని చేయుము. స్విచ్‌లో వీల్యాన్ వడపోతను పూర్తిగా తీసివేసి, పరీక్షను మరల నడుపుము" అన్నాను.

"అట్లు చేసిన అన్నీ కలసిపోవును సార్, పరీక్ష తప్పిపోవును" అన్నాడు.

"తప్పిపోవుటయే మనకు కావలెను" అన్నాను.

నడిపినాడు. మరల 12కు 12 ఉత్తీర్ణము! స్విచ్‌లో గోడయే లేదు. గోడ ఉన్నదని పరీక్ష సాక్ష్యము పలికినది.

కారణము వెదుకగా దొరికినది. పాఠ్యపుస్తకములలో చెప్పినట్లు అతడు ఒక్కొక్క సమూహమునకు ఒక్కొక్క ఐపీ శ్రేణిని ఇచ్చినాడు: 10వ సమూహమునకు 192.168.10 తో మొదలగునవి, 20వ సమూహమునకు 192.168.20 తో మొదలగునవి. వాటి మధ్య రూటరు లేదు. కనుక క యంత్రము ట యంత్రమునకు పింగు పంపబోగా, 'ఆ శ్రేణికి నాకు దారి తెలియదు' అని క యంత్రమే నిలిపివేసినది. ఫ్రేము పుట్టనే లేదు. స్విచ్ గుమ్మము తొక్కనే లేదు. స్విచ్‌కు వేయవలసిన ప్రశ్న పంపువాని దగ్గరనే ఆగిపోయినది. నిజ జీవితమున శ్రేణులు వేరుగా ఉండుట మంచి ఏర్పాటే. కాని స్విచ్‌ను పరీక్షించునపుడు మధ్యన మరియొక గోడ ఉండరాదు. ఉన్నచో ఏ గోడ ఆపినదో తెలియదు.

రెండవ ప్రయత్నము, రెండు కొత్త లోపములు

పది దినముల తరువాత అతడు పరీక్షను తిరుగవ్రాసి తెచ్చినాడు. ఈమారు పింగులు లేవు. తానే ఫ్రేములను నిర్మించి, అందరికీ చేరు ప్రసార చిరునామాకు పంపి, అటువైపున రా సాకెట్ అను సాధనముతో విని నిర్ణయించుచున్నాడు. ట్రంక్ పోర్టునకు ఐదవ యంత్రమును కూడ కలిపినాడు. ఆలోచన మంచిది. మేము మరల స్విచ్‌ను చెడగొట్టితిమి. వడపోత తీసివేసిన పిమ్మట 8 వరుసలు తప్పవలెను గదా! ఒకమారు 8 తప్పినవి, ఒకమారు 5, మరియొకమారు 3 మాత్రమే.

ఒకే తప్పునకు మూడు తీర్పులు వచ్చుటకు కారణము తొందరపాటు. వినువాడు చెవి యొగ్గక ముందే చెప్పువాడు చెప్పి ముగించుచున్నాడు. చేరవలసిన ఫ్రేమును అతడు మూడేసిమారులు పంపినందున ఆ వరుసలు గట్టెక్కినవి. చేరరాని ఫ్రేమును ఒక్కమారే పంపినాడు. అది వినువాడు లేవక ముందే దాటిపోయినది. 'ఏమియు వినబడలేదు' అను సాక్ష్యమునకు విలువ ఎప్పుడు? సాక్షి మేలుకొని యుండి, అతని చెవులు పనిచేయుచున్నప్పుడే.

దీనికి మందు సులభము. వినువాడు సిద్ధమైనట్లు తెలిపిన పిమ్మటనే పంపవలెను. మొదట క నుండి చేరరాని ఫ్రేము. వెంటనే ఒకే సమూహములోని త నుండి ట కు తప్పక చేరవలసిన ఆనవాలు ఫ్రేము. ట యంత్రమునకు ఆనవాలు చేరి, దానికి ముందు పంపినది చేరకున్నచో గోడ నిజముగా ఉన్నది. ఆనవాలు కూడ చేరకున్నచో అది ఉత్తీర్ణము కాదు, పరీక్షయే చెడినది.

రెండవ లోపము ఇంకను సూక్ష్మమైనది. యాక్సెస్ పోర్టునుండి బయటికి వచ్చు ఫ్రేమునకు చీటీ ఉండరాదు గదా! ఆ వరుస ఎల్లప్పుడు ఉత్తీర్ణమగుచున్నది. నేను బ్రిడ్జి అమరికలో ఒక మాట తీసివేసి, 10వ సమూహపు ఫ్రేములు క యంత్రమునకు చీటీతోనే పోవునట్లు చేసితిని. అయినను ఉత్తీర్ణమే! ట్రంకు వైపున చీటీ ఉండవలెనను వరుస ఏదని అడుగగా, అతడు కొంచెము సిగ్గుతో, "అది ఎప్పుడు నడిపినను తప్పుచున్నది సార్, తరువాత చూతమని ప్రస్తుతానికి ఆపి ఉంచినాను" అన్నాడు.

నిజము చెప్పు సాక్షి ఆ ఒక్క వరుసయే; నోరు మూయబడినదియు అదియే. సంగతి ఏమనగా, చీటీతో వచ్చిన ఫ్రేమును లినక్స్ అందుకొనగానే చీటీని ఊడదీసి, ఫ్రేమునకు ప్రక్కన వేరుగా భద్రపరచును. రా సాకెట్‌తో చదువువానికి కనబడునది చీటీ లేని ఫ్రేమే. చీటీ కావలెనన్నచో 'ప్యాకెట్ ఆక్స్‌డేటా' అను అనుబంధ సమాచారమును ప్రత్యేకముగా అడిగి తీసికొనవలెను. అతని పరీక్ష అట్లు అడుగలేదు. కనుక దాని కంటికి లోకములో చీటీయే లేదు. చీటీ ఉండరాదను వరుస ఎన్నడును తప్పదు. చీటీ ఉండవలెనను వరుస ఎన్నడును నెగ్గదు. మొదటిదానిని చూచి మురిసి, రెండవదానిని ఆపివేయుట మానవ సహజమే. సమీక్షకుడు మాత్రము ఆపివేసిన వరుసలనే ముందుగా చదువవలెను.

సరియైన జవాబు ఎవరు చెప్పవలెను?

యాక్సెస్ పోర్టులోనికి చీటీ అంటించిన ఫ్రేమే వచ్చినచో స్విచ్ ఏమి చేయవలెను? ఓపెన్ వీస్విచ్ నియమము ప్రకారము, సున్న కాని సంఖ్య గల చీటీతో యాక్సెస్ పోర్టున వచ్చిన ఫ్రేము త్రోసివేయబడును. ఆ సంఖ్య ఆ పోర్టు సమూహమునదే అయినను సరే. లినక్స్ బ్రిడ్జిలోనో, ఆ సంఖ్య ఆ పోర్టునకు అనుమతింపబడిన జాబితాలో ఉన్నచో లోనికి రానిచ్చును. రెండును పేరుగన్న స్విచ్‌లే, జవాబులు వేరు. స్విచ్‌ను ఒకమారు నడిపి, వచ్చిన ఫలితమునే 'సరియైన జవాబు' అని పరీక్షలో వ్రాసికొనుట కొందరికి అలవాటు. అది విద్యార్థి జవాబు పత్రమును చూచి జవాబుల పట్టిక తయారుచేయుట వంటిది. జవాబు నియమము నుండి రావలెను. స్విచ్ దానితో సరిపోవుచున్నదో లేదో పరీక్ష చెప్పవలెను.

ఇది కేవలము శాస్త్రచర్చ కాదు. జంట చీటీల మోసము ఇక్కడనే పుట్టును. మోసగాడు ఉన్న సమూహమే ట్రంకునకు నేటివ్ వీల్యాన్ అయి, అతని పోర్టు చీటీ గల ఫ్రేమును అంగీకరించుననుకొనుడు. అతడు పైన తన సమూహపు చీటీని, దాని క్రింద 20వ సమూహపు చీటీని అంటించి పంపును. మొదటి స్విచ్ పై చీటీని ఊడదీసి ట్రంకులోనికి వదలును. రెండవ స్విచ్ మిగిలిన చీటీని చూచి 20వ సమూహమునకు అందజేయును. తిరుగు జవాబు అతనికి రాదు. కాని చొరరాని ఇంట రాయి పడనే పడినది. జంట చీటీల వరుస లేని పరీక్షకు ఈ మోసము కనబడదు.

అంచుల యందు చూడవలసినవి

మధ్యన నడచువాడు కాలువలో పడడు. అంచున నడచువాడే పడును. కనుక 10, 20 సంఖ్యలతో తృప్తి చెందక 1, 4094 సంఖ్యలను కూడ పరీక్షింపవలెను. 0 సంఖ్య గల చీటీ ప్రాధాన్యమును మాత్రమే తెలుపును, సమూహమును తెలుపదు. దానిని చీటీ లేని ఫ్రేము వలెనే పోర్టు సమూహమునకు చేర్చవలెను. 4095 ఫ్రేములో రారానిది. కాని వీఎంవేర్ వారి ప్రామాణిక వర్చువల్ స్విచ్ అమరికలో ఆ సంఖ్య వ్రాసినచో, చీటీలను విప్పక లోపలి యంత్రమునకే అందజేయుమని అర్థము. ఒకే సంఖ్యకు ఫ్రేములో ఒక అర్థము, అమరికలో మరొక అర్థము ఉండుటను సమీక్షకుడు గుర్తింపవలెను.

ప్రాధాన్యపు బిట్లను సున్నగా ఉంచి మాత్రమే పరీక్షించుట మరియొక సాధారణ లోపము. ప్రాధాన్యము 5, సమూహము 10 అయినచో, ఆ 16 బిట్ల మొత్తము విలువ 40970. 12 బిట్లను మాత్రమే విడదీయుట మరచిన స్విచ్ దీనిని 10 అని కాక 40970 అని చదువును. ప్రాధాన్యము సున్న అయినపుడు మాత్రము ఆ తప్పు స్విచ్‌కును జవాబు 10 అనియే వచ్చును. తప్పు దాగుటకు ఇంతకంటె మంచి చోటు లేదు.

అట్లే పొడవు. చీటీ లేని ఫ్రేము గరిష్ఠముగా 1518 బైట్లు, చీటీతో 1522. చిన్న ఫ్రేములతోనే పరీక్షించినచో, నిండు ఫ్రేములకు ఆ 4 బైట్ల చోటు చాలక అవి పడిపోవుట తెలియదు. అప్పుడు పింగులు చక్కగా పోవును; పెద్ద ఫైళ్లు మాత్రము మధ్యన నిలిచిపోవును.

సమీక్షకుని ప్రశ్నలు

ఇన్ని సంగతులను ఐదు ప్రశ్నలుగా కుదింపవచ్చును.

1. ఈ వరుస ఏ తప్పును పట్టుకొనుటకు వ్రాయబడినది? ఆ తప్పును స్విచ్‌లో కావలెనని పెట్టి చూచితిమా?

2. ఫ్రేము చేరలేదన్నచో, ఆపినది స్విచ్‌యేనా, మధ్యన మరియొక గోడయా?

3. వినువాడు మేలుకొనియే ఉన్నాడని ఋజువు ఏది? చీటీని చూడగల కన్ను అతనికి ఉన్నదా?

4. సరియైన జవాబును నియమము నుండి వ్రాసితిమా, స్విచ్ నుండి నకలు చేసితిమా?

5. ఆపివేసిన వరుసలు ఎన్ని? ఎందుకు?

మూడవమారు అతడు పరీక్షను తెచ్చినపుడు, మొదట స్విచ్‌ను సరియైన అమరికతో నడిపితిమి, అన్నియు నెగ్గినవి. నేను దానిని లెక్కపెట్టలేదు. తరువాత వడపోతను తీసివేసితిమి: సమూహము దాటు 8 వరుసలును తప్పినవి, పది మారులు నడిపిన పది మారులును. క పోర్టునకు చీటీ మిగిల్చితిమి: చీటీ ఉండరాదను వరుస ఆ క్షణమే తప్పి, 'చీటీ ఉండరాదు, 10 కనబడినది' అని స్పష్టముగా పలికినది. తెరమీద ఎఱ్ఱని అక్షరములు చూచి గురుశిష్యులము ఇద్దరము సంతోషించుట ఆ దినముననే జరిగినది.

విద్యార్థులారా! రేపు మీలో కొందరు ఆసుపత్రుల, బ్యాంకుల, విశ్వవిద్యాలయముల యంత్రములకు కాపలాదారులగుదురు. మీరు వ్రాసిన పరీక్ష 'అంతయు క్షేమము' అని చెప్పినపుడు, దానిని నమ్మి నిద్రించువారు మీకు తెలియని మనుష్యులు. తప్పును తప్పని చెప్పగల శక్తి దానికి ఉన్నదో లేదో, వారికంటె ముందు మీరే చూచుకొనుడు.